టెర్రస్‌కు తెల్ల పూత వాయిదా వేసిన పెద్దలకు

హైదరాబాద్‌లోని కాలనీ, అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు నమస్కారం.

మా అపార్ట్‌మెంట్ జనరల్ బాడీలో ఈమధ్య రెండు అంశాలు చర్చకు వచ్చాయి. ఒకటి టెర్రస్ మీద కూల్ రూఫ్ పూత, అంటే ఎండను తిప్పికొట్టి కప్పును చల్లగా ఉంచే తెల్ల పూత. రెండోది లిఫ్టుకూ మోటారుకూ కామన్ లైట్లకూ సరిపడా సోలార్. రెండూ వాయిదా పడ్డాయి. డబ్బుల్లేవనడానికి లేదు, కార్పస్ ఫండ్ నిండుగానే ఉంది. అదే మీటింగ్‌లో గేటుకు గ్రానైట్ ఆర్చి వేయించడానికి అందరూ చేతులెత్తారు. వాయిదాకు చెప్పిన కారణం మాత్రం ఇది: "గ్లోబల్ వార్మింగ్ అంతా ఒట్టి హడావుడి, ఫారిన్ వాళ్ల వ్యాపారం." ఇతర కాలనీల్లో ఉన్న మిత్రులను అడిగితే అక్కడా ఇదే మాట, ఇదే వాయిదా. అందుకే మా సెక్రటరీ గారికి విడిగా ఇవ్వాల్సిన ఉత్తరాన్ని మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

అనుమానించేవాళ్లంటే నాకు కోపం లేదు. "రుజువేది?" అని అడిగేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. లిఫ్టు కాంట్రాక్టరు కొటేషన్ ఇచ్చినప్పుడు మనల్ని కాపాడేది వాళ్లే. నా ఫిర్యాదల్లా ఒక్కటే, ప్రశ్న అడిగి జవాబు వినకుండా టీ తాగడానికి లేచిపోవడం. ఆ రోజు అడిగిన ప్రశ్నలు మంచివే. వాటిలో చాలావాటికి ఎప్పుడో జవాబులు దొరికాయి, కొన్నింటికైతే మన ఊళ్లోనే.

మీటింగ్‌లో అందరికంటే గట్టిగా వినిపించిన వాదన 1966 గురించి. "హైదరాబాద్‌లో 45.5 డిగ్రీలు వచ్చింది 1966 జూన్ 2న. అప్పుడు ఊళ్లో ఎన్ని కార్లున్నాయి? ఏసీ ఎవరింట్లో ఉంది? ఇప్పటికీ ఆ రికార్డు చెదరలేదు. మరి వేడెక్కింది ఎక్కడ?" లెక్క సరైనదే. జూన్ 2 అంటే రోహిణి కార్తె. రోహిణిలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఒక్క రోజు రికార్డు ఆ రోజు గాలి ఎటు వీచింది, మబ్బు పట్టిందా లేదా అన్నదే చెబుతుంది. వాతావరణం మారిందా లేదా తేల్చడానికి 30 ఏళ్ల సగటులు తీసి పోలుస్తారు. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 మధ్య మన దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది.

ఇక్కడ మీకు పనికొచ్చే పాయింటు ఒకటి నేనే ఇస్తాను. 0.7 అంటే ప్రపంచ సగటు పెరుగుదల కంటే తక్కువ. భారతదేశం ఎందుకు తక్కువ వేడెక్కింది అని మీరు నిలదీయవచ్చు. కారణం తెలిస్తే సంతోషించేలా లేదు. మన ఆకాశంలో కమ్ముకున్న పొగ, ధూళి ఎండలో కొంత భాగాన్ని పైనుంచే తిప్పి పంపేస్తున్నాయి. ఉత్తరాదిన లక్షల ఎకరాలకు పారే సాగునీరు ఇంకొంత చల్లబరుస్తోంది. అంటే గాలి కాలుష్యం ఇన్నాళ్లూ మన ఊపిరితిత్తులు పాడుచేస్తూనే వేడిని కొంత దాచిపెట్టింది. గాలిని శుభ్రం చేసుకోక తప్పదు, చేసుకున్న రోజున దాచిన వేడి బయటికి వస్తుంది.

రెండో వాదన చేసింది ఒక రిటైర్డ్ ఇంజనీర్ గారు. "బేగంపేటలో థర్మామీటర్ పెట్టిన రోజుల్లో చుట్టూ ఖాళీ నేల. ఇప్పుడు కాంక్రీటు. అది కొలుస్తున్నది సిమెంటు వేడి" అన్నారు. నిజంగా ఆలోచించాల్సిన మాట ఇది. సరిగ్గా ఇదే అనుమానంతో అమెరికాలో రిచర్డ్ ముల్లర్ అనే భౌతిక శాస్త్రవేత్త 2010 ప్రాంతంలో ఒక బృందాన్ని కూడగట్టి, ప్రపంచవ్యాప్తంగా ఉన్న ఉష్ణోగ్రతల రికార్డులన్నీ మొదటి నుంచి మళ్లీ లెక్కించారు. ఆ పనికి డబ్బు ఇచ్చినవాళ్లలో చమురు వ్యాపారంలో కోట్లు గడించిన కోక్ కుటుంబపు ఫౌండేషన్ కూడా ఉంది. నగరాల వేడిని విడదీసి చూశారు. అయినా భూమి వేడెక్కుతోందనే తేలింది, దానికి కారణం దాదాపు పూర్తిగా మనుషులేనని కూడా తేలింది. 2012లో ముల్లర్ తన అభిప్రాయం మారిందని పత్రికాముఖంగా ప్రకటించారు. అనుమానమంటే నాకు గౌరవం ఉన్నది ఇలాంటి మనుషుల వల్లే.

సిమెంటు వేడి మాత్రం అబద్ధం కాదు, అది మన ఊరి సొంత వేడి. భూమి వేడెక్కిన దాని మీద ఇది అదనం. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు, తారు రాత్రంతా వేడిని వదులుతూనే ఉంటాయి. టాప్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు, రాత్రి పదకొండుకి కూడా సీలింగ్ ఫ్యాన్ వేడిగాలే విసురుతుంది. ఇంజనీర్ గారి వాదనను ఒప్పుకుంటే టెర్రస్‌కు తెల్ల పూత ఇంకా తొందరగా వేయాలి గానీ వాయిదా ఎలా వేస్తాం?

ఇంకా నమ్మకం కుదరకపోతే నేల మీది థర్మామీటర్లన్నీ పక్కన పెట్టేద్దాం. సముద్రం మధ్యలో సిమెంటు లేదు కదా. మన ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. సునామీ హెచ్చరికలు పంపేది అక్కడి నుంచే. ప్రపంచ సముద్రాల్లో నాలుగు వేల దాకా ఆర్గో అనే తేలియాడే యంత్రాలు 2 వేల మీటర్ల లోతుకు మునిగి, వేడినీ ఉప్పదనాన్నీ కొలుచుకుంటూ పైకి వచ్చి ఉపగ్రహాలకు సమాచారం అందిస్తుంటాయి. మన దేశం వంతు ఆర్గో పని చూసేది ఇన్‌కాయిసే. భూమి మీద అదనంగా పోగుపడుతున్న వేడిలో 90 శాతం దాకా సముద్రాల్లోకే పోతోందని ఇలాంటి కొలతల వల్లే తెలిసింది. మియాపూర్ నుంచి ఆటోలో వెళ్లేంత దూరంలో ఈ సమాచారం ఉండగా, మనం మాత్రం వాట్సాప్ ఫార్వర్డ్ చూసి తీర్మానాలు వాయిదా వేస్తున్నాం.

సూర్యుడే కారణమన్నవాళ్లకు క్లుప్తంగా చెబుతాను. సూర్యుడి వల్లే అయితే నేల దగ్గరి గాలితో పాటు చాలా ఎత్తున ఉండే స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. కింద వేడెక్కుతోంది, అక్కడ మాత్రం చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇలాగే జరుగుతుందని వాతావరణ శాస్త్రవేత్త స్యుకురో మనాబే తన సహచరుడితో కలిసి 1967లోనే లెక్కగట్టారు. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. అగ్నిపర్వతాలే కారణమందామా అంటే, అవి ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ మనుషులు వదిలేదానిలో ఒక శాతం కూడా ఉండదు.

గాలిలోని కార్బన్ మనం కాల్చిందేనని ఎలా తెలుసు అని ఒక కుర్రాడు అడిగాడు. ఆ రోజు వచ్చిన ప్రశ్నలన్నిట్లో నాకు నచ్చింది ఇదే, జవాబు చెప్పే వ్యవధి ఎవరూ ఇవ్వలేదు. సింగరేణి బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి. బతికున్న చెట్లలో, గాలిలో ఉండే కార్బన్‌లో కార్బన్-14 అనే రకం అతి కొద్దిగా ఉంటుంది. అది 5,730 ఏళ్లకు సగమైపోతుంది. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న బొగ్గులో, చమురులో అది అసలు మిగలదు. కాబట్టి బొగ్గూ పెట్రోలూ కాల్చేకొద్దీ గాలిలో ఆ రకం కార్బన్ పాలు పలచబడాలి. అలా పలచబడుతున్నట్టు 1950లలోనే హాన్స్ సూయెస్ అనే శాస్త్రవేత్త చెట్ల వలయాల్లో కనిపెట్టారు. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు 315 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఫ్యాక్టరీలు రాకముందు 280.

వ్యాపారం మాటకొస్తే, కార్బన్ డయాక్సైడ్ నింపిన గాజు గొట్టం ఎండలో మిగతావాటికంటే ఎక్కువ వేడెక్కుతుందని యూనిస్ ఫుట్ అనే ఆవిడ 1856లో చూపించారు. సిపాయిల తిరుగుబాటుకు ఏడాది ముందు మాట. అప్పటికి ఏ సోలార్ కంపెనీ ఉంది? ఇంకో పక్క వ్యాపారం కూడా చూడండి. చమురు కంపెనీ ఎక్సాన్‌లోని శాస్త్రవేత్తలు 1970ల చివరి నుంచి వేసిన అంచనాలు తర్వాత పెరిగిన ఉష్ణోగ్రతలతో చక్కగా సరిపోయాయని 2023లో సైన్స్ పత్రికలో పరిశోధన వచ్చింది. అదే కాలంలో కంపెనీ బయట మాత్రం ఇదంతా తేలని విషయమని చెబుతూ వచ్చింది. ఎవరి వ్యాపారం ఎవరి నోట పలుకుతోందో ఒక్కసారి ఆలోచించండి.

హిమాలయాల మంచు 2035కల్లా కరిగిపోతుందన్న ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) మాట తప్పని తేలింది కదా అని మరొకరు. అవును, 2007 నివేదికలో ఆ తప్పు దొర్లింది. మన దేశపు శాస్త్రవేత్తలు కూడా దాన్ని ప్రశ్నించారు, 2010 జనవరిలో ఆ సంస్థ తప్పు ఒప్పుకుంది. వేల పేజీల నివేదికలో ఒక పేరా తప్పు. మంచు కరగడం లేదని మాత్రం ఎవరూ నిరూపించలేదు.

1908 మూసీ వరద గురించి ఎవరూ ఎత్తకుండా హైదరాబాద్‌లో ఏ చర్చా ముగియదు. "అప్పుడు వేలమంది కొట్టుకుపోయారు, అప్పుడేం గ్లోబల్ వార్మింగ్?" పూర్వం కూడా ఇళ్లు తగలబడేవి కాబట్టి ఇప్పుడెవరూ నిప్పు పెట్టడం లేదన్నట్టుంది ఈ వాదన. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, కురిసినప్పుడు కుండపోతే. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వర్షాల ఘటనలు 1950–2015 మధ్య మూడు రెట్లయ్యాయని పుణెలోని ఐఐటీఎం అనే కేంద్ర వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం తేల్చింది. అయితే 2020 అక్టోబర్‌లో మన కాలనీలు మునిగినప్పుడు తప్పంతా ఆకాశం మీదికి నెట్టడం నాకు నచ్చలేదు. నాలాలు పూడ్చిందీ, చెరువుల్లో ప్లాట్లు వేసిందీ, అవి కొనుక్కుందీ మనుషులే. అధికారులకు వాతావరణ మార్పు మంచి సాకుగా దొరికిందని మీరంటే నేను ఒప్పుకుంటాను. 1908 వరద తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించింది. వరద ఎప్పటిలాంటిదే కదా అని ఊరుకోలేదు.

చివరిగా అందరి మనసులోనూ ఉన్న మాట. "తగలేసింది అమెరికా వాడు, కట్టేది మనమా?" ఇది న్యాయమైన కోపం. మన దేశంలో తలకు ఏడాదికి 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంటే అమెరికాలో 14 టన్నుల దాకా ఉంది. ఇప్పటివరకు గాలిలో కలిసిన దానిలో నాలుగో వంతు వాళ్లదే. అంతర్జాతీయ సమావేశాల్లో మన ప్రతినిధులు ఈ విషయంలో ఎంత గట్టిగా పోట్లాడినా తక్కువే. కానీ ఎండకు ఈ లెక్కలు పట్టవు. 2015 వేసవిలో దేశం మొత్తం మీద 2 వేలకు పైగా జనం వడదెబ్బకు చనిపోతే వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. వాళ్లలో ఎక్కువమంది వృద్ధులు, ఎండలో కూలికి వెళ్లినవాళ్లు. పైగా నేను అడుగుతున్న పనుల్లో అమెరికా కోసం చేసేది ఒక్కటీ లేదు. అన్నీ మన కరెంటు బిల్లుకూ, మన నిద్రకూ పనికొచ్చేవే.

కూల్ రూఫ్ విషయం చూడండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం దీనికి ఒక విధానమే తెచ్చింది. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లబరచాలని లక్ష్యం, అందులో 200 ఔటర్ రింగ్ రోడ్డు లోపలే. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకు తప్పనిసరి చేశారు. పాత భవనాలను మాత్రం మన ఇష్టానికి వదిలేశారు, మన ఇష్టం సంగతి తెలిసిందే. ఫలితం ఉంటుందా అనే అనుమానం ఎవరికైనా ఉంటే, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్లూ మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్లూ కలిసి హైదరాబాద్ ప్రాంతపు ఆఫీసు భవనాల మీదే కొలిచారు. నల్లటి పైకప్పుకు తెల్ల పూత వేస్తే చల్లదనానికయ్యే కరెంటు 14 నుంచి 26 శాతం, మామూలు కాంక్రీటు మీద వేస్తే 10 నుంచి 19 శాతం తగ్గింది. అమెరికా లెక్క ఇక్కడ చెల్లదనడానికి వీల్లేదు, ఎండా మనదే, కప్పూ మనదే. మన దుమ్ముకు పూత మాసిపోతుంది కాబట్టి ఏటా వేసవికి ముందు కడిగించాలి. కొటేషన్‌లో ఆ ఖర్చు కూడా అడగండి.

సోలార్‌కు పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక్కో ఇంటికి 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉందని చాలామందికి తెలుసు. సంక్షేమ సంఘాలు కామన్ అవసరాలకు పెట్టుకుంటే కిలోవాటుకు 18 వేలు వస్తుందన్నది మా మీటింగ్‌లో ఎవరికీ తెలియదు. కిలోవాటుకు నీడ పడని జాగా సుమారు 100 చదరపు అడుగులు చాలు, రోజుకు 4 యూనిట్ల దాకా వస్తుంది. వడియాలు పెట్టుకోవడానికి జాగా పోతుందని ఒకావిడ అన్నారు. ఆ రోజు విన్న అభ్యంతరాల్లో నాకు బలంగా తోచింది అదొక్కటే. ప్యానెళ్లను కాస్త ఎత్తుగా పెట్టిస్తే ఆ సమస్యా తీరుతుంది.

మీటింగ్‌లో ఎవరూ ఎత్తనిది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఏసీ గ్యాసు. ఫ్లాట్ మారేటప్పుడు మెకానిక్ వచ్చి నట్టు వదులు చేస్తాడు, గ్యాసు బుస్సుమని పోతుంది, కొత్త ఇంట్లో మళ్లీ గ్యాస్ ఫిల్లింగ్‌కు బిల్లు వేస్తాడు. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 అనే గ్యాసు ఒక కిలో గాలిలో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-410ఏ అయితే 2 టన్నులు దాటుతుంది. కొత్తవాటిలో వస్తున్న ఆర్-32 అయినా 675 కిలోలు. ఒకటిన్నర టన్నుల ఏసీలో ఇంచుమించు కిలో గ్యాసు ఉంటుంది. ఒక కిలోవాటు సోలార్ ఏడాది పొడుగునా పనిచేస్తే గాలిలో కలవకుండా తప్పే కార్బన్ డయాక్సైడ్ సుమారు ఒక టన్ను. అంటే టెర్రస్ మీద రెండేళ్లు ఎండ పట్టి సంపాదించింది, షిఫ్టింగ్ రోజున రెండు నిమిషాల్లో పోగొట్టుకుంటున్నాం. దీనికి మందు చాలా చిన్నది. ఏసీ విప్పే ముందు పంప్ డౌన్ చేసి గ్యాసును బయటి యూనిట్‌లోకి లాగించాలి, కొద్ది నిమిషాల పని. "పంప్ డౌన్ చేసి తీయాలి" అని సంఘం ఒక నోటీసు పెట్టి, చేసే మెకానిక్‌లనే లోపలికి రానిస్తే చాలు. పైసా ఖర్చు లేదు, ఫిల్లింగ్ డబ్బులు మిగులుతాయి.

ప్రపంచమంతా కలిసి ఏదీ చేయలేదనే నిరాశ ఉన్నవాళ్లకు కూడా ఈ గ్యాసుల కథే చెబుతాను. పాత ఫ్రిజ్‌లూ ఏసీల గ్యాసుల వల్ల ఓజోన్ పొరకు చిల్లు పడుతోందన్నప్పుడు కూడా అదంతా ఒట్టిదన్నవాళ్లు ఉన్నారు. అయినా 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, ఆ పాత గ్యాసులు ఆగాయి, ఓజోన్ పొర మెల్లగా కోలుకుంటోంది. ఇప్పటి ఏసీ గ్యాసులు తగ్గించడానికి అదే ఒప్పందానికి చేసిన కిగాలి సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. ఒప్పందం మీద సంతకం ఢిల్లీలో అయినా నట్టు విప్పేది మన బాల్కనీలోనే.

తడిచెత్త కలిపి పారేస్తే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చేరి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు అవుతుంది, విడదీసి వెనక జాగాలో కంపోస్ట్ చేస్తే మొక్కలకు ఎరువు. దీని గురించి మీకు చాలామంది చెప్పే ఉంటారు. పార్కింగ్‌కు అడ్డమని వేపచెట్టు కొట్టించే తీర్మానాలు మాత్రం దయచేసి ఆపండి. 2025లో కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేస్తుంటే మనమంతా స్టేటస్‌లు పెట్టాం, సుప్రీంకోర్టు ఆపితే సంతోషించాం. మన గేటు లోపలి చెట్టుకు ఏ కోర్టూ రాదు.

ఇంకొక్కటి. చాలా అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబం ఉండేది టెర్రస్ మీది రేకుల గదిలోనో, సెల్లార్‌లో మీటర్ బోర్డుల పక్కనో. గ్లోబల్ వార్మింగ్ ఉందా లేదా అన్న చర్చకు వాళ్లను ఎవరూ పిలవరు. పూత డబ్బులు మొత్తం టెర్రస్‌కు చాలకపోతే ముందు ఆ రేకులకు వేయించండి. ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి.

నేను చెప్పినవాటిలో ఏదైనా తప్పనిపిస్తే రాతపూర్వకంగా అడగండి, జవాబిస్తాను. నేను తప్పని తేలితే పూత ఖర్చులో నా వాటా కాకుండా ఇంకొకరి వాటా కూడా కడతాను. ఒక్కటే విన్నపం, వాయిదా పడ్డ ఆ రెండు అంశాలకు జనరల్ బాడీ సంక్రాంతి కాగానే పెట్టండి. పూత ఆరడానికి పొడి ఎండ కావాలి, ఫిబ్రవరిలో అయితే పెయింటర్లు కూడా బేరానికి వస్తారు. ఏప్రిల్‌లో పిలిస్తే వాళ్లు దొరకరు, దొరికినా మధ్యాహ్నం ఆ టెర్రస్ మీద ఎవరినీ నిలబెట్టకూడదు.

ఇట్లు,
మల్కాజిగిరిలో టాప్ ఫ్లోర్ వాసి